దించమని చెప్పని చెయ్యి

తవిటయ్యకి ఒంట్లో బాగాలేదని కంపెనీ అంది. నిక్షేపంలా ఉన్నానని తవిటయ్య అన్నాడు. ఈ తగువు ఏడాదికి పైగా నడిచింది. లోకంలో ఎక్కడైనా పనివాడే నాకు బాగాలేదు మొర్రో అని మొత్తుకుంటాడు, కంపెనీవాళ్ళేమో నీకేం రోగం, దుక్కలా ఉన్నావు, పనిలోకి పో అంటారు. మన తవిటయ్య దగ్గరికొచ్చేసరికి అంతా తారుమారు.

కంపెనీ అంటే విశాఖపట్నం రేవులో ఓడల్లోకి సరుకు ఎక్కించి, దించే భీమశంకర కంపెనీ. అందులో తవిటయ్య సిగ్నల్‌మాన్. ఓడ నడుమ సరుకు పెట్టే పెద్ద గొయ్యి ఉంటుంది, హేచ్ అంటారు. దాని అడుగున పదిమంది కళాసీలు నిలబడి పైనుంచి దిగే బరువుని అందుకుంటారు. బరువుని ఎత్తి దించే వించి తోలేవాడికి ఆ అడుగున ఏం జరుగుతోందో కనపడదు. హేచ్ అంచున నిలబడ్డ సిగ్నల్‌మాన్ చెయ్యే వాడికి కళ్ళు. చూపుడువేలు పైకెత్తి తిప్పితే ఎత్తమని. అరచెయ్యి బోర్లించి ఊపితే దించమని. పిడికిలి బిగిస్తే ఆగమని. నోటితో పనిలేదు. ఆ మోతలో గొంతు చించుకుని అరిచినా ఎవడికీ వినపడదు.

తొమ్మిదేళ్ళు ఆ అంచున నిలబడ్డాడు తవిటయ్య. బొబ్బిలి దగ్గర పల్లెటూరు వాడిది. పటాలంలో చేరి, డెబ్బైయొకటి యుద్ధంలో తూర్పువైపు వెళ్ళి, ఎడమ తుంటిలో ఫిరంగి గుండు ముక్కలతో తిరిగొచ్చాడు. మిలట్రీ డాక్టర్లు కొన్ని తీశారు, రెండు లోపలే వదిలేశారు. అవి కదిలిస్తే కాలే పోతుందన్నారట. నిలబడితే ఆ నొప్పి ఓర్చుకోదగ్గది. కూర్చుంటే మాత్రం ప్రాణం తోడేస్తుంది. అందుకే నిలబడి చేసే ఆ పనంటే తవిటయ్యకి ప్రాణం. పైగా గౌరవం కూడాను. మిలట్రీ తవిటయ్య చెయ్యి ఊపితే తప్ప పదిటన్నుల బరువు కదలదు మరి!

ఎనభై రెండు ఎండాకాలంలో ఒకరోజు తెలకపిండి బస్తాలు ఎక్కిస్తున్నారు. ఇరవై బస్తాల కట్ట హేచ్ మీదికి వచ్చి గాల్లో ఆగింది. అప్పుడే పక్క ఓడలో ఇనుప మూత దభీమని పడింది. అంతే. దించమని చెప్పాల్సిన తవిటయ్య చెయ్యి గాల్లో ఉన్నది ఉన్నట్టే బిగుసుకుపోయింది. వించివాడు చూస్తున్నాడు, కింద కళాసీలు బూతులు తిడుతున్నారు, వాళ్ళ నెత్తిన బస్తాలు ఊగుతున్నాయి. చివరికి ఫోర్‌మన్ అచ్యుతరామయ్య పరిగెత్తుకొచ్చి, తవిటయ్యని పక్కకి నెట్టి, తనే చెయ్యి ఊపాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

దెబ్బ తగిలింది తవిటయ్యకే. మర్నాటినుంచి అతన్ని చిరుగుబస్తాల షెడ్డులో వేశారు. చిరిగిన గోనెసంచులకి కుట్లు వేసే షెడ్డు అది. దబ్బనం పుచ్చుకుని పొద్దస్తమానం కింద కూర్చోవాలి. చుట్టూ ముసలమ్మలు. “రాయ్యా మిలట్రీ, నా పక్కన కూకో,” అని చిలకమ్మ అనే ముసలమ్మ చోటిస్తే, ఆ చోటు చూసి తవిటయ్యకి కళ్ళనీళ్ళొచ్చాయి. సాయంత్రానికి తుంటి నుంచి మడమ దాకా నిప్పు పెట్టినట్టుండేది.

మళ్ళీ హేచ్ దగ్గరికి పోవాలంటే ఒకటే దారి. వాల్తేరు వైపు ఆసుపత్రిలో మనసు డాక్టర్ల దగ్గర చూపించుకుని, బాగుందని కాగితం తేవాలన్నాడు కంపెనీ డాక్టరు. తవిటయ్యకి ఒళ్ళు మండిపోయింది.

“నొప్పి తుంటిలో ఉంటే వైద్యం బుర్రకేటి బావా?” అని బావమరిది శ్రీరామ్మూర్తి మీద ఎగిరాడు. శ్రీరామ్మూర్తి తవిటయ్య పెళ్ళాం జోగమ్మకి అన్న, అదే కంపెనీలో కళాసీ. నాలుగేళ్ళుగా వీళ్ళింట్లోనే ఉంటున్నాడు.

“ఎల్లి కాయితం అట్టుకొచ్చీ. అంతేగదా. రెండు వారాల పని,” అన్నాడు శ్రీరామ్మూర్తి.

రెండు వారాలట! గురువారం గురువారం మల్కాపురంలో బస్సెక్కి, పూర్ణా మార్కెట్ దగ్గర మారి, ఆసుపత్రికి పోయేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. తోడుగా జోగమ్మ. ఆ ఆసుపత్రి పేరు చెబితే వీధిలో నవ్వుతారని, మార్కెట్‌కి కూరలకెళ్తున్నామని చెప్పేవాళ్ళు. అలా చెప్పినందుకు వచ్చేటప్పుడు నిజంగానే సంచెడు వంకాయలు కొనుక్కురావాల్సొచ్చేది. ఆ ఏడాది వాళ్ళింట్లో తిన్నన్ని వంకాయలు ఇంకెవరూ తిని ఉండరు.

అక్కడ డాక్టరమ్మ పేరు భ్రమరాంబ. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. కాకినాడ వైపు మనిషి, తండ్రి రేవులో ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మందు లేదు, సూది లేదు. ముప్పావుగంట మాటలు. ఆమె “రండి తవిటయ్య గారూ, కూర్చోండి,” అనేది. తవిటయ్య మడమలు జోడించి, గుండె విరుచుకుని, గోడకేసి చూస్తూ నిలబడేవాడు.

“ఎలా ఉన్నారండీ?”

“ఠీక్ హై మేడమ్!”

“తుంటి నొప్పి?”

“నేదు మేడమ్.”

“నిద్ర పడుతోందా?”

“ఫస్ట్‌కలాస్ మేడమ్.”

ఇక ముప్పావుగంటలో మిగిలిన నలభై నిమిషాలూ ఫ్యాను చప్పుడే.

ఎందుకలా చెప్పాడంటే, పటాలంలో నేర్చుకున్న పాఠం అది. అక్కడ మెడికల్ బోర్డు ముందు నిలబడి నొప్పుందన్నవాడికి కేటగిరీ తగ్గిస్తారు. కేటగిరీ తగ్గితే తోటివాళ్ళతో పాటు పంపరు, వంటశాల దగ్గరో స్టోరు దగ్గరో పడేస్తారు. పైగా పనిదొంగ అని పేరు. కాలు విరిగినవాడు కూడా బోర్డు ముందు ఠీక్ హై సాబ్ అనే అంటాడు. ఆ మాట అనబట్టే తవిటయ్య పటాలంలో మనిషిగా నిలిచాడు. ఇక్కడ అదే మాట అతని కొంప ముంచుతోందని ఎవరు చెప్పాలి?

ఆమే చెప్పింది, నాలుగో గురువారం నాడు. “చూడండి తవిటయ్య గారూ. నొప్పి లేదంటారు, కుర్చీలో కూర్చోలేరు. అంతా బాగుందంటారు, తలుపు గాలికి కొట్టుకుంటే గోడకి అతుక్కుపోతారు. ఇలా ఉంటే బాగుందని నేనెలా రాయను?”

“నాను బాగున్నానని నానే సెప్తంటే మీకేటండీ కష్టం!”

“మీరు చెప్పేదాంట్లో మీరు లేరండీ,” అంది భ్రమరాంబ. ఆమెకీ విసుగొచ్చినట్టే ఉంది. కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకుంది.

బయటికొచ్చి తవిటయ్య నిప్పులు చెరిగాడు. “మాటలాడమంటాదే! మాటలాడితే ఇనప ముక్కలు కరిగిపోతాయేటి? నాను అన్నం తినీది సేత్తో పనిసేసి. నోటితో కాదు!”

జోగమ్మ వింటూనే ఉంది. విని విని, మరుసటి గురువారం అతని వెనకే గదిలోకి చొరబడింది. “అన్నీ అబద్దాలమ్మా! తుమ్మితే దడుసుకుంటాడు. దీపావళికి మంచం కింద దూరీసినాడు. తుంటి కింద తలగడెట్టకుండా అన్నం ముద్ద మింగలేడు. బాగున్నానంటాడేటి, నా మొకం!” అని గడగడా చెప్పేసింది.

తవిటయ్య వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, అంతే. పటాలంలో అయితే ఇలా పైవాళ్ళకి చెప్పినవాడి మొహం ఎవరూ చూడరు. జోగమ్మ కూడా తక్కువదేం కాదు, మాట్లాడకపోతే మానె, నాలుగు రోజులు ఇల్లు నిశ్శబ్దంగా ఉందన్నది.

నెలలు గడిచాయి. షెడ్డులో బస్తాలు, మార్కెట్లో వంకాయలు, ఆసుపత్రిలో ఠీక్ హై. ఒక గురువారం భ్రమరాంబ ప్రశ్నలు అడగడం మానేసింది. బల్ల మీది సిరాబుడ్డికి దారం కట్టి, ఆ దారాన్ని కిటికీ ఊచమీంచి ఇవతలికి లాగి, కొస చేత్తో పట్టుకుంది.

“నేను వించి తోలేదాన్ని. మీరు సిగ్నల్‌మాన్. పని చెప్పండి,” అంది.

తవిటయ్యకి నవ్వొచ్చింది. కానీ పది నెలల తర్వాత ఎవరో అతని పని అతనికిచ్చారు. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. చూపుడువేలు తిప్పాడు. సిరాబుడ్డి లేచింది. పిడికిలి బిగించాడు, ఆగింది. మళ్ళీ వేలు తిప్పాడు, లేచింది. ఇంక దించాలి. అరచెయ్యి బోర్లించాడు. అది అక్కడే ఉండిపోయింది. ఆమె దారం పట్టుకుని చూస్తోంది. ఎంతసేపటికీ తవిటయ్య అరచెయ్యి కిందికి ఊగలేదు.

“దించితే ఏమవుతుందండీ?” అంది చివరికి, మెల్లిగా.

“సచ్చిపోతాడు,” అన్నాడు తవిటయ్య. అన్నాక తనే అదిరిపడ్డాడు.

అప్పుడు చెప్పాడు. నిలబడే చెప్పాడు, గోడకేసి చూస్తూనే చెప్పాడు, కానీ చెప్పాడు. పోలిరాజు పక్క ఊరివాడు, ఇద్దరూ ఒకేరోజు పటాలంలో చేరారు. ఆ డిసెంబరులో పోలిరాజుకి కడుపులో తగిలింది. తవిటయ్య వాణ్ణి భుజాన వేసుకుని వెనక్కి నడిచాడు. దారి పొడుగునా వాడు ఒకటే గోల. దించీరా, నొప్పెడతంది, ఒక్కసారి దించీరా అని. ఒక పొలంగట్టు వారన దించాడు. దారి ఎలా ఉందో చూసొస్తానని పది అడుగులు ముందుకేశాడు. గుండు సరిగ్గా ఆ గట్టు మీదే పడింది.

“నాను దించిన సోటే మేడమ్. ఇంకో సోట దించుంటే బతికీవోడు. ఆడి తల్లి పోతమ్మకి ఎదురుగుండా నిలబడి, తగిలిన ఎంటనే పోనాడమ్మా, బాధ పడనేదు అని అబద్దం ఆడీసినాను. ఆ ముసల్ది నా గెడ్డం అట్టుకుని, నువ్వు పక్కనున్నావు సాలు నాయనా అంది.”

భ్రమరాంబ నీ తప్పేం లేదనలేదు. ఊరుకోమనీ అనలేదు. సిరాబుడ్డిని తనే మెల్లిగా బల్లమీద పెట్టి, దారం విప్పింది. “వచ్చే గురువారం ఇక్కణ్ణుంచే మొదలుపెడదామండీ,” అంది.

అలా ఇంకో నెల మాట్లాడుకున్నాక కంపెనీకి ఉత్తరం రాసి, కవరు అతికించి ఇచ్చింది. ఏం రాసిందో దాచకుండా చెప్పింది. తుంటి నొప్పి నిజమైనదే, చెయ్యి ఆగడమూ నిజమే. మాటల వైద్యం పనిచేస్తోంది, ఇంకో ఆర్నెల్లు కావాలి. అంతవరకూ కింద మనుషులున్న చోట సిగ్నల్ పనికి పెట్టవద్దు. నిలబడి చేసే పని ఏదైనా ఇవ్వండి.

తవిటయ్య భగ్గుమన్నాడు. “సూసినారా! నిజం సెప్పినందుకు కేటగిరీ తగ్గించీసినారు! నాకు తెలుసు. మొదట్నుంచీ తెలుసు.”

“ఆర్నెల్లే కదండీ.”

“ఆర్నెల్లు ఆ షెడ్డులో మీరు కూకోండి మేడమ్, తెలుస్తాది!”

కవరు సముద్రంలో పారేద్దామనుకున్నాడు. జోగమ్మ పక్కనుండబట్టి పారెయ్యలేదు. తీసుకెళ్ళి ఆఫీసులో గుమాస్తా నరసింహమూర్తికిచ్చాడు. ఆయన దాని మీద తేదీ వేసి, విప్పకుండానే ఫైల్లో గుచ్చేశాడు. నెలన్నర దాటింది. షెడ్డు మారలేదు, పని మారలేదు.

అంతలో స్టీలు ప్లాంటుకి యంత్రాల ఓడ వచ్చింది. ఇల్లంతేసి పెట్టెలు. ముగ్గురు సిగ్నల్‌మెన్ కామెర్లతో పడకేశారు. కంపెనీ డాక్టరు షెడ్డు నుంచి తవిటయ్యని పిలిపించాడు. ఎలా ఉన్నావని అడగలేదు. ఫైలు తెరవలేదు. “నిలబడగలవుగా? సరే,” అని కాగితం మీద ఫిట్ అని ముద్ర గుద్ది చేతిలో పెట్టాడు. రెండు నిమిషాలు పట్టలేదు. ఆ ముద్ర కోసం ఏడాదిగా కాళ్ళరిగేలా తిరిగినవాడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఇంటికొచ్చి జోగమ్మకి చూపించాడు. ఆమె చూసి, “నీ సెయ్యికి సెప్పినావా ఈ సంగతి?” అని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఓడెక్కాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. కింద రేవు గట్టుమీద లారీ, లారీ చుట్టూ ఆరుగురు కళాసీలు. వాళ్ళలో శ్రీరామ్మూర్తి. తవిటయ్యని చూసి తలపాగా ఊపాడు. మొదటి పెట్టె హేచ్‌లోంచి లేచింది. తవిటయ్య వేలు తిరుగుతోంది, పెట్టె లేస్తోంది. ఇంక అంచు దాటి కింద ఉన్నవాళ్ళ మీదికి పోవాలి. ఆరుగురూ తలలెత్తి అతని చెయ్యి కేసే చూస్తున్నారు. తవిటయ్యకి భుజం దగ్గరే తెలిసిపోయింది. పెట్టె ఇంకా ఓడమీద ఉండగానే పిడికిలి బిగించాడు.

“ఏవయ్యా, ఏమైంది?” అని అరిచాడు అచ్యుతరామయ్య.

“ఇంకోడ్ని ఎట్టండి సార్. నా సెయ్యి దించమని సెప్పదు.”

“ఫిట్ అని కాగితం పుచ్చుకుని ఇప్పుడా చెప్పడం? పనిదొంగ వేషాలా?”

పటాలంలో చేరినప్పటినుంచీ ఏ మాట పడకూడదని ఒళ్ళు చంపుకున్నాడో ఆ మాట పడింది. తవిటయ్య పళ్ళు బిగించి పక్కకి తప్పుకున్నాడు. అచ్యుతరామయ్య తనే సిగ్నలిచ్చి పెట్టె దింపించాడు. ఆ ముద్ర రద్దు చేయించుకు రాకపోతే ఛార్జిషీటేనని చెప్పి ఆఫీసుకి తోలాడు. మధ్యాహ్నం దింపుడు పని ఆగాక శ్రీరామ్మూర్తి కూడా వెంట వచ్చాడు.

ఆఫీసు కిటికీ దగ్గర మధ్యాహ్నం షిఫ్టు హాజరు కోసం నలభైమంది వరసలో ఉన్నారు. నరసింహమూర్తి కళ్ళజోడు మీంచి చూశాడు.

“ఫిట్ కొట్టేయాలంటే బాగాలేదని ఆసుపత్రి నుంచి కాగితం తేవాలయ్యా.”

“ఆ కాయితం మీ ఫైల్లోనే ఉంది సార్. నెలన్నర కిందట నానే ఇచ్చినాను. ఇప్పండి.”

“అది పాత తేదీది. ఫిట్ ఇచ్చింది నిన్న. కొత్తది పట్రా.”

“ఒక్కసారి ఇప్పి సదవండి సార్.”

“పైవాళ్ళు అడిగితేగానీ విప్పకూడదు. పద పద, వెనక జనం ఉన్నారు.”

తవిటయ్య రెండు చేతులతో కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

“ఏడాదిపాటు బాగున్నాన్రా నాయనా అని మొత్తుకుంటే ఒక్కడూ నమ్మనేదు. ఇప్పుడు బాగోలేదు బాబూ అంటే దీన్నీ నమ్మరేటి? ఏటి సెప్తే నమ్ముతారు మీరు? ఇప్పకండి! అందులో ఏటి రాసుందో నానే సెప్తాను, ఇనుకోండి!”

అని, మూసిన గదిలో ఒక్క మనిషికి చెప్పడానికి పది నెలలు పట్టిన మాటని, ఎండలో నిలబడి నలభైమందికీ వినపడేలా చెప్పేశాడు. పోలిరాజు, భుజం, పొలంగట్టు, దించడం, గుండు, పోతమ్మకి చెప్పిన అబద్ధం, అన్నీ. “ఒకడ్ని దించి సంపీసినాను. ఇవాళ కింద ఆరుగురున్నారు. అందులో నా పెళ్ళాం తోడబుట్టినోడున్నాడు. ఫిట్టంట, ఫిట్టు!” అని ముద్ర కాగితాన్ని ఊచల్లోంచి లోపలికి విసిరేశాడు.

నరసింహమూర్తి ఫైలు ముందుకు లాక్కుని, కవరు చింపడం మొదలుపెట్టాడు. తవిటయ్య ఎవరి మొహమూ చూడలేక ఊచల్నే చూస్తున్నాడు. అందరూ ఇక మాట్లాడటం మానేస్తారనే అనుకున్నాడు.

“ఎంత దూరం మోసినావు బావా?” అన్నాడు వెనకనుంచి శ్రీరామ్మూర్తి.

“ఏటి?”

“దించీసినాను దించీసినానంటన్నావు. దించక ముందర ఎంత దూరం మోసినావని అడుగుతన్నాను.”

తవిటయ్య పన్నెండేళ్ళుగా ఆ గట్టు దగ్గరే ఉండిపోయాడు, అక్కడిదాకా ఎలా వచ్చాడన్నది ఎప్పుడూ తలుచుకోలేదు. ఇప్పుడు వెతుక్కున్నాడు. వెదురుపొద, మోకాలిలోతు కాలవ, కాలిపోయిన ఇల్లు, మళ్ళీ పొలాలు.

“రెండు మైళ్ళుంటాది బావా. నాకప్పటికే తుంటిలో ముక్కలు దిగిపోనాయి.”

“రెండు మైళ్ళా! తుంటిలో ఇనప ముక్కలెట్టుకుని, ఇంకో మడిసిని ఎత్తుకుని రెండు మైళ్ళా!” శ్రీరామ్మూర్తి గొంతులో కోపమే ఉంది, అది ఎవరి మీదో అతనికీ తెలియదు. “మరి తుంటి నొప్పెట్టదేటి?”

“నొప్పెడతంది బావా,” అన్నాడు తవిటయ్య. “సానా నొప్పెడతంది.” ఊచలు వదలకుండానే, అంతమందిలో, వెక్కి వెక్కి ఏడ్చాడు.